శుభం తర్వాత బువ్వ

తెరకు వీపు పెట్టిన ఉద్యోగం

సినిమా హాలు మేనేజరంటే రోజూ పైసా ఖర్చు లేకుండా సినిమా చూసేవాడని మా చుట్టాలందరి నమ్మకం. పెళ్లిళ్లలో కనబడితే చాలు, "నీదే బతుకు బావా" అని భుజం తడతారు. నా నౌకరీ అంతా కల్వకుర్తిలో ఒకే టాకీసులో గడిచింది. అంతకాలంలో కుర్చీలో కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చూసిన సినిమాలు లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు. మిగతావన్నీ తెరకు వీపు పెట్టి, జనం ముఖాల్లో చూశాను. ఏ సినిమాలో హీరో చచ్చిపోతాడో నాకు ముందు వరస ఆడవాళ్ల కొంగులు చెప్పేవి.

మొన్న బైపాసు పక్కన రెండు తెరల కొత్త హాలు తెరిచారు. అక్కడ పనికి కుదిరిన పిల్లలు చాయ్ హోటల్ దగ్గర కలిసి, "అంకుల్, మీ కాలంల కంప్యూటర్ లేకుంట హాలు ఎట్ల నడిపిండ్రు?" అని అడిగారు. బొగ్గుతో రైలు నడిపినవాడిని చూసినట్టు చూశారు నన్ను. కంప్యూటర్ టికెట్ అమ్ముతుంది బిడ్డా, కాదనను. కానీ జనానికి విసుగు పుట్టబోతున్నదని అది ముందుగా చెప్పదు. ఎవడు నవ్వడానికి వచ్చాడో, ఎవడు ఏడవడానికి వచ్చాడో, ఎవడు ఇంట్లో పెండ్లాంతో కొట్లాడి ఫ్యాను గాలికి వచ్చాడో అది కనిపెట్టలేదు. మా పని అదే. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. జీతాలు, ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ లేదు. ఉన్నదంతా ఒక సేటు, ఒక ఆపరేటరు, ఒక దయ్యాల సినిమా, దాన్ని చూసి నవ్విన ఒక గొర్ల కాపరి, ఆయన భార్య.

ఇంటర్వెల్ కడాయిలో ఉంటుంది

మా ఓనరు బుచ్చయ్య సేటుది అసలు వ్యాపారం బియ్యం మిల్లు. మిల్లు పక్కన జాగా ఖాళీగా ఉందని టాకీసు కట్టాడు. ఆయనకు కథ అర్థం కాదు, పాట చెవికెక్కదు. ఆకలి మాత్రం బాగా అర్థమవుతుంది. ఇంటర్వెల్ ఎప్పుడు వెయ్యాలో సినిమా తీసినవాళ్లు రీలు మీదే రాసి పంపేవారు. మా సేటు ఆ రాతను ఏనాడూ గౌరవించలేదు. క్యాంటీన్ దగ్గర నిలబడి, కడాయిలోంచి మిర్చి బజ్జీల మొదటి వాయి తేలగానే బెల్లు కొట్టించేవాడు.

ఒకసారి హీరోయిన్ కొండ అంచున ఒక్క చేత్తో వేలాడుతున్నది. హీరో చెయ్యి చాపాడు. బెల్లు మోగింది.

నేను పరుగెత్తుకుంటూ పోయి, "సేటూ, జర ఆగాలె గదా! ఆమెను పైకి గుంజినంక ఏస్తే ఏమైతుండె?" అన్నాను.

"అరె నర్సింలూ, మిర్చి చల్లారితే మళ్ల ఎవడు తింటడు? ఆమె పది నిమిషాలు ఏలాడితే ఏం జారిపోతదా?"

ఆ రోజు ఆమె చెయ్యి జారుతుందో లేదోనన్న భయంతోనే జనం రెండేసి ప్లేట్లు తిన్నారు. సేటు చెప్పినదాంట్లో సగం తప్పు, సగం నిజం. కథ మధ్యలో మనిషిని లేపకూడదు, అది తప్పు. కడుపు కాలుతున్నవాడికి ఏ కథా ఎక్కదు, అది నిజం. నా నౌకరీలో ఈ రెంటి మధ్యనే ఇరుక్కొని బతికాను. మీరూ అట్లాగే ఇరుక్కుంటారు, ఫికర్ చెయ్యకండి.

చచ్చినా నమ్మని పిసినారి

ఇక ఆ దయ్యాల సినిమా. చాలా పాతది, నలుపు తెలుపు. ఏటా పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, సేటు దాన్ని తెప్పించేవాడు. పోయిన పెద్దల పేరు మీద పొద్దున బియ్యం ఇచ్చి వచ్చిన జనం, మధ్యాహ్నం మా హాలుకు వచ్చి చచ్చినవాళ్ల కథ చూసి నవ్వేవారు. భయపెట్టే దయ్యం అందులో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ మనలాంటివే.

కథ చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు, కాబట్టి చెబుతాను. ఒక పిసినారి షావుకారు. పిలవని పెళ్లికి పోయి, చాటుగా గారె మీద గారె మింగి, ఒకటి గొంతుకు అడ్డంపడి పోతాడు. తాను పోయానని మాత్రం నమ్మడు. తన దినాలకు తానే వచ్చి భోజనాల బంతిలో కూర్చుంటాడు. తాను దాచిన నెయ్యి ఊరంతా పోసుకుంటుంటే గుండెలు బాదుకుంటాడు. ఒక్కరూ ఏడవడం లేదని అలుగుతాడు. తర్వాత యమలోకం పోతే అక్కడ ద్వారపాలకుడు ఆపేస్తాడు. "నీ కోసం భూమ్మీద ఒక్క కన్నైనా తడిసిందా? తడవకపోతే ప్రవేశం లేదు" అంటాడు. అటు మనుషుల్లో లేక, ఇటు యమలోకంలో లేక దయ్యంగా తిరుగుతూ, తన కోసం ఏడ్చేవాళ్లను వెతకడమే మిగతా సినిమా. పాలవాడు ఏడవడు, తమ్ముడు ఏడవడు, కుక్క కూడా మొహం తిప్పుకుంటుంది. చివరికి భార్య ఒక పూట గారెలు వండుతూ, మొగుడు రెండు బుగ్గల్లో గారెలు పెట్టుకొని "నేనేం తినలేదు" అన్న సంగతి గుర్తొచ్చి నవ్వుతుంది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ద్వారపాలకుడు ఒప్పుకోడు. "ప్రభూ, ఇవి నవ్వితే వచ్చిన నీళ్లు" అంటాడు. యముడు కాసేపు మీసం దువ్వి, "కంటి నుంచే కదా వచ్చాయి? నీళ్లు నీళ్లే. లోపలికి పంపు" అంటాడు. తలుపులు తెరుచుకుంటాయి. శుభం.

నేను పూర్తిగా చూసిన కొద్ది సినిమాల్లో ఇదొకటి. చావును ఇంత చులకన చేసిన సినిమా ఇంకోటి చూడలేదు. చూసి బయటికి వచ్చాక చావంటే ఇంత తక్కువ భయమేసిన సినిమా కూడా ఇంకోటి లేదు.

గొర్లు రాసిన ముగింపు

అప్పట్లో సినిమా రేకు డబ్బాల్లో వచ్చేది, డబ్బాకొక రీలు. ఒకే ప్రింటును మేమూ, పక్క ఊరి టాకీసూ పంచుకునేవాళ్లం. వాళ్లు ఆడించిన రీలు లూనా బండి మీద మా దగ్గరికి వచ్చేది. మా ఆపరేటరు ఖాజా భాయ్ ఒక మిషన్ మీద రీలు తిరుగుతుండగానే రెండో మిషన్‌కు తర్వాతి రీలు ఎక్కించేవాడు. తెర మూలన చిన్న చుక్క మెరవగానే ఇటు ఆపి అటు వదిలేవాడు. చూసేవాళ్లకు అతుకు తెలిసేది కాదు.

ఒక పెత్రమాస నాడు హాలు నిండుగా ఉంది. షావుకారు గారె మింగి చచ్చాడు. ఖాజా భాయ్ క్యాబిన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "సాబ్, ఐదో డబ్బా రాలే! మిగతయన్ని తెచ్చి గదొక్కటి మరిచిండని లూనా మళ్ల వాపసు పోయింది" అన్నాడు. ఐదో డబ్బా అంటే దినాల బంతి.

"ఆపితే కుర్చీలు విరగ్గొడ్తరు భాయ్. ఏం జేద్దాం?"

"ఆరో డబ్బా ఎక్కిస్త. చచ్చినోడు సీదా యమలోకం పోతడు. ఎవరు అడుగుతరు?"

నిజంగానే ఎవరూ అడగలేదు. చచ్చినవాడు యమలోకం పోక ఎక్కడికి పోతాడు? సినిమా సాఫీగా నడిచి శుభం పడింది. జనం లేచి తువ్వాళ్లు దులుపుకుంటున్నారు. అప్పుడు దిగింది లూనా. డబ్బా ఖాజా భాయ్ చేతికి పోయింది. ఆయన పని రాక్షసుడు. వచ్చిన రీలును చూపించకుండా వాపసు పంపడం ఆయన ఖాందాన్‌లో లేదు. తెర మీద శుభం ఆరిపోయి, మళ్లీ వెలుగొచ్చింది.

లేచినవాళ్లు లేచినట్టే కూర్చున్నారు. తెర నిండా బంతి. వరసగా విస్తర్లు, బువ్వ, కూర గిన్నెలు. మధ్యలో ఒక ఖాళీ జాగాలో చచ్చిన షావుకారు కూర్చొని ఉన్నాడు. అసలు కథలో వాడక్కడ అలిగి కూర్చున్నాడు. కానీ యమలోకం తలుపులు తెరుచుకున్న తర్వాత అదే రీలు చూస్తే, యముడి దగ్గర సెలవు తీసుకొని ఆఖరి బువ్వకు వచ్చినట్టే ఉంది. వడ్డించేవాడు లెక్క తప్పి ఆ ఖాళీ జాగాలో కూడా విస్తరి వేసి బువ్వ పెడతాడు. షావుకారు నెత్తి కొట్టుకొని, "అయ్యో, ఒక విస్తరి దండగ!" అంటాడు. అక్కడ రీలు అయిపోయింది.

హాలు నవ్వుతో ఎగిరిపడింది. మధ్య వరసలో ఒకాయన నల్ల గొంగడి భుజాన వేసుకొని లేచి నిలబడి, "గిదీ సినిమా అంటె! మనిషిని బువ్వ తినిపిచ్చి పంపిండ్రు!" అని అరిచాడు. ఆయన బీరయ్య. దగ్గరి ఊరి గొర్ల కాపరి. మందను బామ్మర్దికి అప్పగించి, భార్య బాలమ్మను తీసుకొని సినిమాకు వచ్చాడు. బయటికి వచ్చాక లూనావాడు నాతో మొరపెట్టుకుంటున్నాడు: "నేనేం జెయ్యాలె సార్, రోడ్డు మీద గొర్ల మంద అడ్డమొచ్చింది. ఎంత హారన్ కొట్టినా కదుల్తలేవు." బీరయ్య ఆగి ఆనవాళ్లు అడిగాడు. పొట్టేలుకు మెడలో ఎర్ర తాడు ఉందా అన్నాడు. ఉందన్నాడు లూనావాడు. బీరయ్య ముఖం వెలిగిపోయింది.

"సారూ, అవి మా గొర్లే! గీ సినిమాకు సరైన ముగింపు మా గొర్లు రాసినయి!"

మర్నాడు ఐదో రీలు వేళకు వచ్చింది. వరసలో ఆడించాం. సంగతి అప్పటికే ఊరంతా పాకింది, శుభం పడ్డాక ఒక్కరూ లేవలేదు. "బువ్వ ఏది?" అని ఒకటే గోల. ఆ రోజు నుంచి మా టాకీసులో శుభం తర్వాతే బువ్వ. ఒకసారి ప్రింటు తాలూకు మనిషి వచ్చి చూసి, ఇదేం అన్యాయమని మా సేటు మీద ఎగిరాడు. సేటు మిర్చి ప్లేటు ఆయన చేతిలో పెట్టి, "మా దిక్కు మనిషి తినకుంట పోడు సాబ్" అన్నాడు. కథ గురించి ఆయన జీవితంలో చెప్పిన ఒకే ఒక్క మంచి మాట అది.

ఆలస్యంగా వచ్చే నవ్వు

పిల్లలూ, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. మంచిగా నవ్వేవాడు ఒక్కడు హాల్లో ఉంటే నాలుగు గోడల పోస్టర్లకన్నా మేలు. బీరయ్య నవ్వు కడుపులోంచి వచ్చేది. ముందు గురక లాగా మొదలై, తర్వాత ఈల లాగా సాగి, చివరికి దగ్గులో దిగేది. ఆయన నవ్వు విని జనం నవ్వేవారు. చప్పటి సినిమాలు వచ్చినప్పుడు నేనే గేటు దగ్గర ఆపి, "బీరయ్యా, జర మధ్యల కూసో" అని నడి వరసలో కూర్చోబెట్టేవాణ్ని.

బాలమ్మ వేరే. పక్కన రాయిలా కూర్చునేది. హాలంతా పొర్లాడి నవ్వుతున్నా ఆమె పెదవి కదిలేది కాదు. మొదట్లో నాకు ఆమె మీద కోపం వచ్చేది. నౌకరీలో అలాంటి ముఖం చూస్తే మాకు భయం, అది అంటురోగం. ఒకసారి బీరయ్యనే అడిగాను.

"మీ ఇంటామెకు సినిమా నచ్చదా ఏంది?"

"అయ్యో, నచ్చకేం సారూ! దానికి నవ్వు లేటు. ఇంటికి పొయ్యే తొవ్వల ఏ చెల్క కాడనో ఆగి, కిందబడి నవ్వుతది. మా ఇంటిదాని నవ్వు బస్సు లెక్క. వస్తది, గని ఎప్పుడొస్తదో ఎవనికి తెల్వది."

బాలమ్మ కొంగు సర్దుకుంటూ, "ఈయన నవ్వు ఆగితెనే గద నాది మొదలుపెట్టేది" అంది.

ఆ మాటతో నేను ఒక అలవాటు మార్చుకున్నాను. శుభం పడగానే లైట్లు వేసి తలుపులు బార్లా తీసేవాళ్లం. ఆ తర్వాత నుంచి కాసేపు ఆగి వేయించాను. చీకట్లో ఇంకా నవ్వవలసినవాళ్లు, కళ్లు తుడుచుకోవలసినవాళ్లు కొందరు ఉంటారు. మీ కొత్త హాల్లో చివరి పేర్లు పడకముందే చీపుళ్లు పట్టుకొని లోపలికి వస్తున్నారు. అది నాకు నచ్చలేదు, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

టాకీసు పోయింది

రీళ్లు పోయి డిజిటల్ మిషన్ వచ్చింది. సినిమా శాటిలైటుతో ఆకాశంలోంచి దిగుతుందన్నారు. ఖాజా భాయ్ ఆకాశం వైపు చూసి, "చుక్క ఎక్కడుంటది సాబ్?" అన్నాడు. చుక్క లేదు, రీలు లేదు, ఆయన పని కూడా లేదు. పాత దయ్యాల సినిమా మళ్లీ రాలేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో సేటు కొడుకులు టాకీసు మూసి ఫంక్షన్ హాలు చేశారు. తెర ఉన్న చోట ఇప్పుడు పెళ్లికొడుకు, పెళ్లికూతురు కుర్చీలు ఉన్నాయి. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. ఆ హాల్లో మొదటి పెళ్లికి పోయి, అన్నం తినకుండా తిరిగి వచ్చాను.

బీరయ్య మాత్రం అంగడి రోజు ఎక్కడ కనబడ్డా ఒకటే అడిగేవాడు: "సారూ, మా గొర్ల సినిమా మళ్ల ఎప్పుడేస్తవ్?"

పిట్ట ముట్టలేదు

నేను ఇంట్లో కూర్చున్న కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం డీసీఎం బండి వచ్చి వాకిట్లో ఆగింది. బీరయ్య కొడుకు శ్రీశైలం దిగాడు. గొర్లను అంగళ్లకు తోలే బండి అది. గడ్డం మాసి ఉంది. చూడగానే అర్థమైంది.

"నాయిన పోయిండు సార్. నిన్న మూడొద్దులు అయింది."

నేను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. నీళ్లు తాగి అసలు సంగతి చెప్పాడు. మంచం పట్టిన తర్వాత నాయిన ఆ సినిమా అడిగితే, సెల్లులో వెతికి పెట్టాడట. మధ్యలోనే బంతి రావడం చూసి, "గిది ముందల్నే పెట్టిండ్రేంది దొంగలు" అని విసుక్కున్నాడట. శుభం పడ్డాక సెల్లు వైపే చూస్తూ, "బువ్వ ఏది?" అన్నాడట.

"నాకు తెల్వక 'అయిపోయింది నాయినా' అన్న సార్. 'అయిపోలే, మేనేజర్ సాబ్‌ను పిలువు' అన్నడు. తెల్లారి పిలుద్దామనుకున్న. తెల్లారేవరకు నాయిన లేడు."

మూడొద్దుల నాడు, అంటే పోయిన మూడో రోజున, పూడ్చిన బొంద దగ్గర విస్తట్లో ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. కాకి వచ్చి ముట్టాలి, దాన్నే పిట్ట ముట్టడం అంటాం. ముడితే పోయినవాడికి తృప్తి అయినట్టు. పొద్దు గూకేదాకా చూసినా ఒక్క కాకి దిగలేదు.

"దాంతోని మా మేనత్త మొదలువెట్టింది సార్. 'మొగడు పోతె దీని కంట్ల చుక్క నీళ్లు రాలే, ఇగ పిట్ట ఎట్ల ముడ్తది' అని ఊరంత అంటాంది. నిజమే, అమ్మ ఏడ్వలే. గొర్ల కాడికి పోతాంది, వస్తాంది, నోరు తెరుస్తలేదు. రేపు ఐదొద్దులు. రేపు గిట్ల ముట్టకపోతె అమ్మ ఊర్లె తల ఎత్తుకోలేదు."

నవ్వే ఆలస్యమైన మనిషికి ఏడుపు వేళకు ఎట్లా వస్తుంది? ఈ మాట ఊరికి ఎవరు చెప్పాలి?

శ్రీశైలానికి బువ్వ రీలు కథ చెప్పి, రేపు బొంద దగ్గర ఆ సినిమా ఆడిద్దామని, వెంటబెట్టుకొని ఖాజా భాయ్ ఇంటికి పోయాను. మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు. సంగతంతా విన్నాడు. "బంతి ముక్క ఒక్కటి చూపెడ్తె అయిపోతది గద చాచా?" అని శ్రీశైలం అనగానే కస్సుమన్నాడు.

"ముక్క చూపెడ్తె చచ్చినోడు భీ మాఫ్ చెయ్యడు! సినిమా మొత్తం ఆడాలె. వరసల ఐదో డబ్బా ఇడిసిపెట్టాలె. శుభం పడాలె. గప్పుడు బువ్వ. నేనే ఆడిస్త."

గొంగడి టాకీసు

మర్నాడు బొంద దగ్గర విస్తరి పెట్టారు. బువ్వ, గొర్రె కూర, కార్జం ముక్కలు, సీసాడు కల్లు, ఒక బీడీ. పక్కన శ్రీశైలం తన బిడ్డ కాలేజీ ల్యాప్‌టాపు తెచ్చి పెట్టాడు. మోత డీసీఎం స్పీకర్లలోంచి వచ్చేట్టు కలిపాడు. అంతా బాగుంది. ఎండకు బొమ్మ మాత్రం కనబడదు. ఇన్నేళ్లు సినిమా హాలు నడిపి చీకటి కావాలన్న సంగతే మరిచిపోయి వచ్చాను!

బీరయ్య చుట్టాలంతా గొర్ల కాపరులే. కట్టెలు పాతి, గొంగళ్లు కప్పి, నిమిషాల్లో ఒక చీకటి గుడిసె లేపారు. ఉన్ని వాసనతో, ఉక్కపోతతో నా టాకీసు మళ్లీ లేచింది. నాకు చేతులు ఆగలేదు. "పొడుగోళ్లు ఎనకకు పోండ్రి! పిల్లలు ముందలికి రాండ్రి! ఎవడ్రా బీడీ ముట్టిచ్చింది?" అని గేటు దగ్గర నిలబడి అరిచాను. బాలమ్మను నడిమధ్య కూర్చోబెట్టాను, బీరయ్య జాగాలో.

మేనత్త ఈరమ్మ రాలేదు. బీరయ్యకు అక్క, నోరు గల మనిషి. "బొంద కాడ సినిమా ఏంది, సిగ్గు శరం లేదా మీకు? నేను పిట్టకు కాపలుంట" అని గొంగడికి వీపు పెట్టి విస్తరి ముందు కూర్చుంది. పక్కన బీరయ్య మందకాపలా కుక్క మోతి పడుకొని ఉంది.

సినిమా మొదలైంది. షావుకారు గారెలు మింగాడు, చచ్చాడు. గొంగడి కింద నవ్వులు మొదట గొణుగుడుగా, తర్వాత బాహాటంగా వచ్చాయి. ఖాజా భాయ్ ఒక్క వేలితో బంతిని దాటించేశాడు. నేను అలవాటు కొద్దీ తెరకు వీపు పెట్టి బాలమ్మ ముఖం చూస్తున్నాను. రాయి. షావుకారు పాలవాడి వెనక పరుగెత్తాడు, కుక్క మొహం తిప్పుకుంది. రాయి. తెర మీది భార్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "నీళ్లు నీళ్లే" అన్నాడు యముడు. గొంగడి కింద అందరూ బాలమ్మ వైపే చూశారు. ఏమీ లేదు. శుభం పడింది.

ఖాజా భాయ్ బంతి కోసం వెనక్కి జరుపుతున్నాడు. తెర నల్లబడి గుండ్రటి గుర్తు తిరుగుతున్నది. అంతా చీకటి. అప్పుడు ముక్కులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది.

"రెండు బుగ్గలల్ల... రెండు బుగ్గలల్ల పెట్టుకొని..." బాలమ్మ మాట పూర్తి చేయలేకపోయింది. "గాయన గూడ గంతె! షుగరు అని డాక్టర్ చెప్పినంక, లడ్డు బుగ్గల వెట్టుకొని... నోరు తెరువకుంట నాతోని సైగలు జేసిండు... పన్ను నొస్తాంది అని..."

కిందపడి నవ్వింది. మా అందరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు సాగి సాగి, ఎక్కడో ఊపిరి తెగి, "అయ్యో, నేనెవలతోని రావాలె ఇంటికి" అని ఒక్క కేక అయింది. తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరం కాలేదు. నేనూ ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ కేక విని, ఏమైందోనని ఈరమ్మ గొంగడి ఎత్తి లోపలికి ఉరికి వచ్చింది. చూసింది. ఒక్క నిమిషం నిలబడి, కూలబడి, మరదలి తలను ఒళ్లోకి తీసుకుంది. "ఏడ్వు బిడ్డా, ఏడ్వు" అంటూ తానూ మొదలుపెట్టింది. అప్పుడే తెర మీద బంతి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లూ ముక్కులు చీదుకుంటూ, ఒకరి మీద ఒకరు ఒరిగి, ఆ బువ్వ రీలు మొత్తం చూశారు. "అయ్యో, ఒక విస్తరి దండగ!" అన్నప్పుడు అందరికంటే పెద్దగా నవ్వింది ఈరమ్మే.

గొంగడి తీసి బయటికి వచ్చాం. ఎండకు కళ్లు చిట్లించి చూస్తే, బొంద దగ్గర విస్తరి ఖాళీ. బువ్వ చెదిరి ఉంది. కార్జం ఒక్క ముక్క లేదు. రెండడుగుల దూరంలో మోతి కూర్చొని, ఎటో దూరంగా గుట్టల వైపు చూస్తున్నది. దాని మూతికి ఒక మెతుకు అంటి ఉంది.

కాపలా ఉంటానన్నది ఈరమ్మ. అందరూ ఆమె వైపే చూశారు. ఈరమ్మ కుక్కను చూసింది. కుక్క ఈరమ్మను చూసింది. ఆమె కొంగుతో మొహం తుడుచుకొని, నడుం మీద చెయ్యి పెట్టుకొని గట్టిగా చెప్పింది.

"పిట్ట ముట్టింది. నా కండ్లతోని నేను సూసిన. నా తమ్ముడు తృప్తిగ పోయిండు. ఇగ దీన్ని ఎవలన్న ఒక్క మాటంటె నాలుక కోస్త!"

ఆమె చూసింది నా పక్కన కూర్చొని తెర మీది బంతిని. ఆ సంగతి నాకు తెలుసు, అందరికీ తెలుసు. బాలమ్మ మాత్రం మోతి దగ్గరికి పోయి, మూతికున్న మెతుకును వేలితో తుడిచేసింది. "ఆయన తినకముందు ఎప్పుడైన దీనికే పెట్టేటోడు" అని నాతో మెల్లగా అంది.

తర్వాత అందరం చేను గట్టున బంతిగా కూర్చున్నాం. ఖాజా భాయ్ మోకాలు మడవలేక కాలు చాపుకున్నాడు. అందుకని మా ఇద్దరి మధ్య కొంచెం జాగా మిగిలింది. శ్రీశైలం విస్తర్లు వేసుకుంటూ వచ్చాడు. నాకు వేశాడు. ఆ ఖాళీ జాగా దగ్గర ఆగి, అక్కడా ఒకటి వేశాడు. బువ్వ పెట్టి, నాలుగు ముక్కలు చూసి చూసి వేసి, ముందుకు పోయాడు.

ఖాజా భాయ్ తన విస్తరి వైపూ, పక్క విస్తరి వైపూ చూసుకున్నాడు. ఎదురు వరసలోంచి బాలమ్మ గొంతు వినబడింది.

"అయ్యో, ఒక విస్తరి దండగ!"

అని, మా అందరికంటే ముందు తానే నవ్వింది.